ఈటెల ఇల్లు

మన పల్లెల్లో లైన్‌మన్ అనగానే విద్యుత్ స్తంభమెక్కి తెగిన తీగలు సరిచేసే ఉద్యోగి గుర్తుకు వస్తాడు. అమెరికాలో ఆ మాటకు మరో అర్థం కూడా ఉంది. అక్కడివారు ఫుట్‌బాల్ అని పిలుచుకొనే ఆటలో, బంతి కదలకముందే ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా, చేతులు నేలకానించి, ఎదురెదురుగా వంగి నిలిచే భారీకాయులను లైన్‌మన్లు అంటారు. మనం ఫుట్‌బాల్ అనే ఆటను వారు సాకర్ అంటారు. వారి ఫుట్‌బాల్‌లో పాదానికి ఉన్న పని స్వల్పం. చేతులకు, భుజాలకు, మెడకు ఉన్న పని అధికం.

ఒక్కొక్క జట్టు తరఫున మైదానంలో 11 మంది నిలుస్తారు. బంతి చేతనున్న జట్టు నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు సాగాలి. సాగితే మరో నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. సాగలేకపోతే బంతి ప్రత్యర్థుల పరమవుతుంది. బంతిని ఎవరికి అందించాలో, ఎటు విసరాలో నిర్ణయించే సూత్రధారిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతని ముందు ఐదుగురు లైన్‌మన్లు కోటగోడవలె నిలుస్తారు. ఆ గోడను ఛేదించుకొని వెళ్ళి, బంతి విసిరేలోగా క్వార్టర్‌బ్యాక్‌ను నేలకూల్చడం అవతలి జట్టు లైన్‌మన్ల లక్ష్యం. దానిని సాక్ అంటారు. బంతి పట్టుకొని పరుగెత్తేవాడిని పట్టి పడవేయడం టాకిల్. ఇదంతా కొద్ది సెకన్లలో ముగిసిపోతుంది. ఢీకొనడం ఈ ఆటలో నేరం కాదు, ఢీకొనడమే ఆట. ఎప్పుడు, శరీరంలో ఏ భాగం మీద, ఎంతవరకు అన్నదే నియమం. ఈల మోగకముందు ప్రశంసలందుకొనే దెబ్బ, ఈల మోగిన మరుక్షణం శిక్షార్హమవుతుంది.

ఇటువంటి ఆటలో ఉద్రేకస్వభావం గల లైన్‌మన్ జట్టుకు వరమూ కాగలడు, భారమూ కాగలడు. అతడు ఏదవుతాడన్నది కొంత అతని మీద, కొంత అతనికి నేర్పేవారి మీద ఆధారపడి ఉంటుంది. ఆ 'కొంత' ఎంత అన్న ప్రశ్నకు ఎన్‌డముకాంగ్ సూ జీవితం ఆసక్తికరమైన ఉదాహరణ.

సూ 1987 జనవరి 6న ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ నగరంలో జన్మించాడు. తండ్రి ఆఫ్రికాలోని కామెరూన్ దేశీయుడు. తల్లి జమైకా దీవికి చెందిన ఉపాధ్యాయురాలు. తండ్రి పూర్వికుల భాషలో ఎన్‌డముకాంగ్ అంటే 'ఈటెల ఇల్లు' అని అర్థం. పెద్దలు ఏ ముహూర్తాన ఆ పేరు పెట్టారో గాని, పిల్లవాడు సార్థకనామధేయుడయ్యాడు. ఎదిగేసరికి ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, దాదాపు 140 కిలోల బరువు, ఆ బరువుకు ఏమాత్రం పొసగని వేగం అతనికి అబ్బాయి. బాల్యంలో అతడు ఆడినది సాకర్. ఆ సున్నితమైన ఆటలో ఆ శరీరం ఇమడలేదు. ఉన్నత పాఠశాలలో ఫుట్‌బాల్ వైపు మళ్ళి, 2005లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చేరాడు.

నెబ్రాస్కాలో అతని తొలి శిక్షకుడు బిల్ కాలహన్. సూ బలాన్ని అందరూ గుర్తించారు గాని, ఆ బలం ఫలించలేదు. 2007లో అతడు చేసినవి 34 టాకిళ్ళు, ఒకే ఒక సాక్. జట్టు పరిస్థితి అంతకంటె దయనీయం. ఆ ఏడాది కాన్సస్ విశ్వవిద్యాలయం ఒక్క ఆటలోనే నెబ్రాస్కాపై 76 పాయింట్లు సాధించింది. ఐదు విజయాలు, ఏడు పరాజయాలతో కాలం ముగిసింది. కాలహన్‌ను తొలగించి, బో పెలీని అనే శిక్షకుని రప్పించారు. రక్షణ విభాగం బాధ్యత అతని అన్న కార్ల్ పెలీనికి దక్కింది.

బో పెలీని శాంతమూర్తి కాడు. మైదానం అంచున నిలబడి ముఖం ఎర్రబడేలా కేకలు వేసే మనిషి. అటువంటివాని చేతిలో పడిన ఉద్రేకి మరింత రెచ్చిపోవాలి. జరిగింది వేరు. పెలీని సోదరుల పద్ధతి తెలిస్తే గాని అందుకు కారణం బోధపడదు.

ఎదుటి లైన్‌మన్ల మధ్య ఉండే ఖాళీలను సందులు అనుకొందాం. లైన్‌మన్‌కు ఒకే సందు అప్పగించి, బంతి కదలగానే అందులోకి దూసుకుపొమ్మని చెప్పడం ఒక పద్ధతి. పెలీని సోదరులు నేర్పినది మరొకటి. లైన్‌మన్ తన ఎదుట ఉన్నవాడిని చేతులు చాచి పట్టి నిలిపి, వాడికి కుడిఎడమలనున్న రెండు సందులనూ గమనించాలి. బంతి ఎటు వెళుతున్నదో తెలిసిన పిమ్మట వాడిని విదిలించి అటు కదలాలి. కబడ్డీ ఎరిగినవారికి ఈ భేదం సులభంగా అర్థమవుతుంది. కూతకు వచ్చినవాడు గీత దాటగానే మీద పడేవాడొకడు. వాడు కాలు చాచేదాకా ఓపికపట్టి చీలమండ అందుకొనేవాడు మరొకడు. బలం ఇద్దరికీ సమానమే కావచ్చు. రెండోవాడికి చూపుకు, దెబ్బకు నడుమ అర క్షణం వ్యవధి ఉంటుంది.

ఆ అర క్షణమే సూకు కొత్త శిక్షకులు నేర్పిన విద్య. 2008లో అతని టాకిళ్ళు 76కు, సాక్‌లు ఏడున్నరకు పెరిగాయి. ఒక సాక్‌లో ఇద్దరికి భాగముంటే చెరి సగం లెక్కిస్తారు గనుక ఈ అరలు వస్తాయి. ప్రత్యర్థులు విసిరిన బంతిని మధ్యలోనే అందుకొని గమ్యందాకా పరుగెత్తి పాయింట్లు తెచ్చిన సందర్భాలు ఆ ఏడాది రెండున్నాయి. లైన్‌మన్‌కు ఇది అరుదైన ఘనత. కళ్ళు మూసుకొని దూకేవాడి చేతికి బంతి చిక్కదు. మరుసటి ఏడాది 85 టాకిళ్ళు, 12 సాక్‌లు. 2009 డిసెంబరు 5న టెక్సస్ విశ్వవిద్యాలయంతో జరిగిన ఆటలో అతనొక్కడే నాలుగున్నర సాక్‌లు చేశాడు. నెబ్రాస్కా 13-12 తేడాతో ఓడిపోయినా, ఆనాటి ప్రేక్షకులకు గెలిచిన జట్టు కంటె సూ ఎక్కువగా గుర్తుండిపోయాడు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఏటా ఎంపిక చేసే ఉత్తమ కళాశాల ఆటగాడి పురస్కారం మొట్టమొదటిసారిగా ఒక రక్షణ ఆటగాడిని వరించింది. రెండేళ్ళ క్రితం ఒక్క సాక్‌తో సరిపెట్టుకొన్న కుర్రవాడే ఇతడు. అదే శరీరం, అదే మైదానం, అదే చొక్కా.

2010లో డెట్రాయిట్ లయన్స్ అనే వృత్తి జట్టు సూను ఎంపిక చేసుకొంది. ఆ జట్టు దీనగాథ అప్పట్లో అమెరికా అంతటా సామెతయింది. 2008లో ఆడిన 16 ఆటలలోనూ ఓడిన జట్టది. దానిని లేవనెత్తడానికి 2009లో వచ్చిన ప్రధాన శిక్షకుడు జిమ్ ష్వార్జ్. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివిన మేధావి. అయినా మైదానంలో అతని పద్ధతి నిరీక్షణకు తావులేనిది. లైన్‌మన్లు బంతి కదలగానే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరకాలి. దారిలో బంతితో పరుగెత్తేవాడు తగిలితే వాడిని ఆపాలి. పెలీనులు కష్టపడి నేర్పిన అర క్షణంతో ఇక్కడ పనిలేకపోయింది.

తొలి ఏడాది ఫలితం అద్భుతంగా కనిపించింది. సూ 10 సాక్‌లు చేసి, కొత్తగా వచ్చిన రక్షణ ఆటగాళ్ళలో ఉత్తముడనిపించుకొన్నాడు. ఆ కీర్తి వెంటనే జరిమానాలు కూడా నీడలా నడిచాయి. క్లీవ్‌లండ్ క్వార్టర్‌బ్యాక్ జేక్ డెలోమ్ శిరస్త్రాణపు ముఖకవచాన్ని పట్టి మెలితిప్పినందుకు 7,500 డాలర్లు. షికాగో క్వార్టర్‌బ్యాక్ జే కట్లర్‌ను వెనుకనుంచి మోచేతితో పడగొట్టినందుకు 15,000. మరుసటి ఏడాది సిన్సినాటీ ఆటగాడు యాండీ డాల్టన్ విషయంలో 20,000. 2011 నవంబరు మొదట్లో సూ తానే కోరి ఆటల కమిషనర్ రోజర్ గూడెల్‌ను కలిశాడు. ఏది నియమమో, ఏది అతిక్రమణో స్పష్టంగా చెప్పమని అడిగాడు. ష్వార్జ్ కూడా వెంట వెళ్ళాడు.

ఆ సమావేశం జరిగిన మూడు వారాలకు, నవంబరు 24న, కృతజ్ఞతార్పణ పండుగ వచ్చింది. ఆ రోజున స్వస్థలంలో ఆడటం 1934 నుంచి డెట్రాయిట్ జట్టుకు సంప్రదాయం. కుటుంబాలన్నీ భోజనాల బల్లల చుట్టూ చేరి టెలివిజన్‌లో ఆ ఆట చూస్తాయి. గ్రీన్ బే జట్టు లైన్‌మన్ ఎవన్ డీట్రిక్-స్మిత్‌ను సూ కిందపడవేసి, తలను పదేపదే నేలకు అదిమాడు. లేచి వెళుతూ అతని చేతిని బూటుకాలితో తొక్కాడు. అధికారులు సూను అక్కడికక్కడే మైదానం నుంచి వెళ్ళగొట్టారు. ఆట ముగిశాక తాను తూలిపడకుండా నిలదొక్కుకోవడానికే కాలు మోపానని అతడు సమర్థించుకొన్నాడు. మరునాడు క్షమాపణ ప్రకటించాడు. రెండు ఆటల నిషేధం తప్పలేదు. మూడు వారాల క్రితం నియమాలను వివరంగా విని వచ్చినవాడు ఈ పని చేశాడు. నియమం తెలియకపోవడం అతని లోపం కాదన్నది దీనితో తేలిపోయింది.

ఈ దోషాన్ని శిక్షకుని మీద మోపడం న్యాయమా? పూర్తిగా మోపలేం. కాలు సూది. అయితే శిష్యుని ఉద్రేకం పక్కన గురువు ఉద్రేకం కూడా కనిపిస్తూనే ఉంది. ఆ ఏడాది అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుతో ఆట ముగిసి కరచాలనం చేసుకొనే వేళ, ప్రత్యర్థి శిక్షకుడు జిమ్ హార్బా మోటుగా ప్రవర్తించాడని ష్వార్జ్ అతని వెంటపడ్డాడు. మరుసటి ఏడాది కృతజ్ఞతార్పణ పండుగనాడు ఇంకొక విచిత్రం జరిగింది. హ్యూస్టన్ జట్టుతో ఆడుతుండగా సూ పాదం క్వార్టర్‌బ్యాక్ మాట్ షాబ్‌కు పొత్తికడుపు దిగువన తగిలింది. ఉద్దేశపూర్వకమా, యాదృచ్ఛికమా అని దేశమంతా తర్కించుకొంది. జరిమానా 30,000 డాలర్లు పడింది. అదే ఆటలో హ్యూస్టన్ ఆటగాడు జస్టిన్ ఫోర్సెట్ మోకాలు నేలకు తగిలి పడినా, ఈల మోగకపోవడంతో లేచి 81 గజాలు పరుగెత్తి పాయింట్లు సంపాదించాడు. అటువంటి పరుగును అధికారులే విధిగా పునఃపరిశీలిస్తారు. శిక్షకుడు ఊరకుండాలి. ష్వార్జ్ కోపం పట్టలేక అభ్యంతరం తెలిపే ఎర్రగుడ్డను మైదానంలోకి విసిరాడు. అలా విసిరితే పునఃపరిశీలన రద్దవుతుందని ఆనాటి నిబంధన. పాయింట్లు హ్యూస్టన్‌కే మిగిలాయి. డెట్రాయిట్ 34-31తో ఓడింది. ఆ నిబంధనను మరుసటి ఏడాది సవరించారు గాని, ఓటమిని ఎవరు సవరించగలరు? తెలియక కాదు, ఆగలేక గురుశిష్యులిద్దరూ ఒకే రోజున వార్తలకెక్కారు.

2013లో సహచరులు సూను నాయకులలో ఒకడిగా ఎన్నుకొన్నారు. తొలి ఆటలోనే తోటి ఆటగాడు డీఆండ్రే లెవీ ప్రత్యర్థుల బంతిని అందుకొని గమ్యం చేరాడు. ఆ ఆటకు దూరంగా పోతున్న మినసోటా లైన్‌మన్ జాన్ సలివన్ మోకాళ్ళ మీదికి సూ పడ్డాడు. లెవీ తెచ్చిన పాయింట్లు రద్దయ్యాయి. సూకు లక్ష డాలర్ల జరిమానా పడింది. ఆట ప్రవర్తనకు సంబంధించి అంతవరకు అంత పెద్ద జరిమానా మరొకటి లేదు. అతడు సహచరుల ఎదుట క్షమాపణ చెప్పుకొన్నాడు. జరిమానా సంగతి అటుంచితే, మోకాలు ఆ ఆటలో జీవనాధారం. దానిని పోగొట్టుకొన్నవాడికి డాలర్లతో తీరే నష్టం కాదది. ఇంత జరిగినా ఆ ఏడాది దేశంలోని మేటి లైన్‌మన్ల జాబితాలో సూ పేరుంది. ప్రతిభకు కొరత ఎన్నడూ లేదు. మొదట్లో ఆరు విజయాలు, మూడు పరాజయాలతో ముందున్న జట్టు చివరి ఏడింటిలో ఆరు ఓడింది. డిసెంబరు 30న ష్వార్జ్‌ను తొలగించారు.

2014 జనవరిలో జిమ్ కాల్డ్‌వెల్ వచ్చాడు. మైదానం పక్కన ఎంత ఉపద్రవం జరిగినా ముఖకవళికలు మారని మనిషి. ఈ మనిషికి అసలు కోపం వస్తుందా అని విలేఖరులు పరిహాసమాడేవారు. రక్షణ విభాగం టెరిల్ ఆస్టిన్‌కు అప్పగించాడు. అయితే లైన్‌మన్లకు నిత్యం సాధన చేయించే క్రిస్ కొక్యూరెక్‌ను మార్చలేదు. ఈ చిన్న వివరాన్ని చాలామంది విస్మరిస్తారు. చేతులు ఎలా వాడాలి, తొలి అడుగు ఎలా వేయాలి అని నేర్పే మనిషి పాతవాడే. మారినది పైనున్న వాతావరణం.

ఆ ఏడాది డెట్రాయిట్ 11 ఆటలు గెలిచింది. బంతి చేతబట్టి పరుగెత్తే ప్రత్యర్థులకు ఆటకు సగటున 69.3 గజాలకు మించి దక్కనివ్వలేదు. లీగ్‌లోని 32 జట్లలో ఇదే ప్రథమ స్థానం. సూ ఖాతాలో ఎనిమిదిన్నర సాక్‌లు చేరాయి. అతనికి అడ్డుగా ఇద్దరిని నిలపక తప్పని ప్రత్యర్థులు తక్కినచోట్ల బలహీనపడ్డారు. అంకెలలో కనిపించని సేవ అది. దండిస్తే తగ్గని వేగం నిదానం వల్ల కూడా తగ్గలేదు. డిసెంబరు చివరిదాకా నిషేధం మాటే వినిపించలేదు. శాంతస్వభావుడైన గురువు ఈటెను ఒరలో పెట్టించాడని అందరూ అనుకొన్నారు.

అలా అనుకొన్నవారికి డిసెంబరు 28న గ్రీన్ బేలో ఆశాభంగం కలిగింది. అప్పటికే ఎడమ పిక్క గాయంతో కుంటుతున్న క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ నేలమీద ఉండగా, వెనక్కి నడుస్తున్న సూ అతని కాలిమీద అడుగు వేశాడు. మళ్ళీ వేశాడు. చలికి పాదాలు మొద్దుబారి కింద ఏముందో తెలియలేదని అతడు విన్నవించుకొన్నట్లు పత్రికలు రాశాయి. విధించిన ఒక ఆట నిషేధాన్ని విచారణాధికారి 70,000 డాలర్ల జరిమానాగా మార్చాడు. అసలు ఆ ఆటకు డెట్రాయిట్‌లోని మరో సీనియర్ లైన్‌మన్ డొమినిక్ రయోలా లేనే లేడు. వారం క్రితం ఒక ప్రత్యర్థి కాలు తొక్కినందుకు అతడూ నిషేధంలో ఉన్నాడు. కాల్డ్‌వెల్ నిశ్శబ్దం జట్టు తీరును మార్చింది నిజమే. చాలాకాలంగా పేరుకొన్న అలవాటును ఒక్క ఏడాదిలో కడిగివేయలేకపోయింది. నెబ్రాస్కాలో శిక్షణ మారినప్పుడు శరీరానికి కొత్త పని దొరికింది. అందుకే ఆ మార్పు లోతుగా దిగింది. డెట్రాయిట్‌లో మారినది ప్రధానంగా గురువు స్వభావం. కేకలు వేసిన పెలీని ఓర్పు నేర్పగలగడం, కేకలు వేయని కాల్డ్‌వెల్ కొంతవరకే నేర్పగలగడం విచిత్రంగా తోస్తుంది గాని, గురువు గొంతు కంటె గురువు పెట్టే అభ్యాసమే శిష్యునికి ఎక్కువగా పట్టుబడుతుంది.

వారం తరువాత, 2015 జనవరి 4న, డాలస్‌తో జరిగిన ఆటలో సూ రెండు సాక్‌లు చేశాడు. ఒక్క అతిక్రమణ వివాదమూ అతని పేరిట లేదు. జట్టు 24-20తో ఓడిపోయింది. విలేఖరుల ఎదుట ఆ భారీకాయుని కళ్ళు చెమర్చాయి. డెట్రాయిట్‌తో అతనికదే చివరి ఆట.

ఆ తరువాత మయామీ జట్టు అతనికి ఆరేళ్ళకు 11 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందమిచ్చింది. అక్కడ తొలి నాలుగు ఆటలకే ప్రధాన శిక్షకుని తొలగించారు. మూడేళ్ళలో ముగ్గురు శిక్షకులను చూసి సూ బయటపడ్డాడు. 2018లో లాస్ ఏంజెలిస్‌కు, 2019లో టాంపా బేకు వెళ్ళాడు. టాంపాలో రక్షణ విభాగాన్ని నడిపినవాడు టాడ్ బౌల్స్. నిదానస్తుడు. పద్ధతి తెలిసినవాడు. ముప్పై దాటిన సూకు అతడు అప్పగించిన పనిలో మెరుపులు తక్కువ. నడుమ నిలిచి, ఇద్దరి బరువు మోసి, పరుగు దారి మూసివేయడమే ఆ పని. 2019, 2020 రెండేళ్ళూ పరుగును నిలువరించడంలో టాంపాదే లీగ్‌లో మొదటి స్థానం. 2021 ఫిబ్రవరి 7న జరిగిన సూపర్ బౌల్‌లో టాంపా 31-9తో కాన్సస్ సిటీని ఓడించినప్పుడు, 34 ఏళ్ళ సూ ఒకటిన్నర సాక్‌లు చేశాడు. 2022లో ఫిలడెల్ఫియాకు కొన్నాళ్ళు ఆడి, 2025లో విరమణ ప్రకటించాడు.

2010 నుంచి 2021 వరకు పన్నెండేళ్ళలో అతడు 191 ఆటలు ఆడాడు. గాయం వల్ల ఒక్క ఆట కూడా మానలేదు. ఆ కాలమంతటిలో అతడు లేకుండా అతని జట్టు బరిలో దిగిన ఆటలు రెండే రెండు. అవి 2011 డిసెంబరులో న్యూ ఆర్లియన్స్‌తోను, మినసోటాతోను జరిగాయి.